కండ్లు తెరవని పటం

తిరిగొచ్చిన మర్నాడు మా వాడలో ఆడవాళ్లు బీడీ చాటలు ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీద కూర్చున్నారు. "ఏం దెచ్చినవే?" అని అందరిదీ ఒకటే మాట. కాళేశ్వరం ప్రసాదం తెచ్చాను, తలా ఇంత పెట్టాను. ఒక శాలువా తెచ్చాను. కవి సంతకం చేసిచ్చిన పుస్తకం ఒకటి తెచ్చాను. తెస్తానని చెప్పి పోయింది మాత్రం తేలేదు. ఎందుకు తేలేదో ఆ రోజు నోటితో చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది సోలాపూర్. మా తాతలది జనగామ దగ్గరి కొడకండ్ల. అక్కడ మగ్గం అన్నం పెట్టడం మానేసిన ఏడాది మా వాళ్లు రైలెక్కారు. నాయనమ్మ అప్పటికి కొత్త కోడలు. సోలాపూర్‌లో బడి అంటే మరాఠీ బడి. నేను ఆ బడికీ పోలేదు. నాయనమ్మే నాకు తెలుగు నేర్పింది. బీడీ ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కల మీద గోటితో గీసి అక్షరాలు దిద్దించేది. చదవడం వచ్చాక బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూర్చుని కథలు చదివి వినిపించడం నా పనైంది. వాళ్ల చేతులకు తీరిక ఉండదు, కాబట్టి నా నోటికీ ఉండకూడదు. అట్లా మొదలైన చదువు. దేవుడి దయ, ఇప్పటికీ ఆగలేదు.

పుస్తకాల్లో లేని కథ ఒకటుంది. మా నేతవాళ్ల కులకథ. మొదటి బట్ట నేసిన మునికి తెల్లబట్ట చాలలేదు, రంగు కావాలనుకున్నాడు. రంగు వెతుక్కుంటూ అడవికి పోయాడు. నాయనమ్మ అక్కడిదాకా చెప్పి, "పులి ఎదురొచ్చింది, ఇగ రేపు" అనేది. మర్నాడు మళ్లీ మొదటి నుంచి. మళ్లీ పులి. మళ్లీ "ఇగ రేపు". పెద్దయ్యాక అర్థమైంది, ఆ తరువాత ఆమెకూ తెలియదని. కొడకండ్లలో పటం వాళ్లు వచ్చి మూడు రాత్రులు కథ చెప్పేవారట. బారెడు వెడల్పు బట్ట మీద బొమ్మలుంటాయి. చుట్టను కొంచెం కొంచెం విప్పుతూ, ఏ బొమ్మ కనబడితే ఆ కథ పాడతారు. నాయనమ్మ రెండు రాత్రులు విన్నది. మూడో రాత్రికి ఆమె రైల్లో ఉంది.

ఆ మూడో రాత్రి కథ విని వచ్చి మా ఆడవాళ్లకు చెప్తానని మాటిచ్చి, కార్తీక మాసంలో బయలుదేరాను.

జనగామ

తెలుగు రాజ్యమంటే నా మనసులో ఒక బొమ్మ ఉండేది. మా దగ్గర మరాఠీ వాళ్లు దీపావళికి మిఠాయితో పాటు దీపావళి సంచికలు కొంటారు. లావుపాటి కథల పుస్తకాలు, ఇంట్లో ఒకరి తరువాత ఒకరు చదువుతారు. మరాఠీకే అట్లుంటే, నా భాష సొంతింట్లో ఇంకెట్లుంటుందో అనుకున్నాను. దీపావళి పోయి వారమే అయింది కదా అని జనగామలో దిగగానే ఒక దుకాణంలో, "పండుగ సంచికలున్నాయా?" అని అడిగాను. "పండుగ సంచులా? అయిపోయినయక్కా, బియ్యం సంచులున్నయి" అన్నాడు.

గ్రంథాలయానికి పోయాను. చెప్పులు విడిచి, గడపకు మొక్కి లోపలికి అడుగుపెట్టాను. కుర్చీ ఒక్కటి ఖాళీ లేదు. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగాయి, ఇంతమంది చదివేవాళ్లా అని. దగ్గరికి పోయి చూస్తే అందరివీ పోటీ పరీక్షల పుస్తకాలు. ఒకమ్మాయి జరిగి చోటిచ్చింది, తాగమని తన నీళ్ల సీసా ఇచ్చింది. చల్లగా ఉండాలి ఆ పిల్ల.

"ఏ పరీక్షకక్కా?" అని అడిగింది.

"పరీక్షకు కాదమ్మా. ఊరికే చదువుకుందామని."

"ఊరికెనా!" అని, ఆ మాట పక్కపిల్లకు చెప్పింది. ఆ పిల్ల తలెత్తి నన్ను పై నుంచి కింది దాకా చూసి, "మంచిగున్నది నీ పని, మాకు గంత ఓపిక యాడిది" అంది.

కథల పుస్తకాలు ఎక్కడని అడిగితే ఒక ఇనుప అలమార చూపించారు. అద్దంలోంచి పుస్తకాల వీపులు కనబడుతున్నాయి. దానికి తాళం. తాళంచెవి సారు దగ్గర, సారు మరో ఊరికి కూడా ఇన్‌చార్జి, ఇవ్వాళ అక్కడికి పోయాడు. "రేపొస్తడా?" అంటే, "వస్తే వస్తడు" అన్నాడు అక్కడున్నతను. అద్దం మీద చేయి పెట్టి, ఆ పేర్లన్నీ చదువుకుని వచ్చాను. గుడి మూసి ఉంటే బయటి నుంచి దండం పెట్టుకోమా, అట్లా.

బస్టాండు పక్కన ఒకావిడ జొన్నరొట్టెలు చేస్తోంది. మా కడక్ భాకరీ విరిస్తే పటుక్కుమంటుంది, పల్లీల చట్నీ లేకుండా దిగదు. ఇక్కడి రొట్టె మెత్తన, పచ్చిపులుసులో ముంచుకుని తినడం. ఒక్కటి ఇరవై రూపాయలు. రెండోది డబ్బు తీసుకోకుండా వేసింది. "మా తెలుగే మాట్లాడుతవు గని గమ్మత్తుగ మాట్లాడుతవు, తిను" అని.

నకాషీ వాళ్ల ఇల్లు

పటాలు గీసే నకాషీ వాళ్లు జనగామకు అవతల, ఆటో పోయేంత దూరంలో ఉన్నారు. నేను పోయిన ఇంట్లో గీసేది వనజ. నా కంటె చిన్నది, నన్ను అక్కా అంది. ఇల్లంతా చిన్న చిన్న బొమ్మలు, తాళంచెవుల గొలుసులు, టీ గ్లాసుల కింద పెట్టుకునే చెక్కలు.

"పటాలు గీయవా?"

"ఎవరు గీయించుకుంటరక్కా? దేవుని బొమ్మ మీద చాయ గిలాస పెట్టుకుంటరు, గదే నడుస్తది" అని నవ్వింది. నవ్వుతూనే లోపలికి పోయి ఒక చుట్ట తెచ్చింది. "గిదొక్కటి గీసిన. మీ కులపు పటమే. మానుకోట రాములు మామ ఎన్నో ఏండ్ల సంది అడుగుతున్నడు."

మానుకోట అంటే మహబూబాబాద్. అక్కడ ఆ పేరే నడుస్తుంది.

నేల మీద గుడ్డ పరిచి ఆమె పటం విప్పింది. ఎర్రటి నేల, పచ్చని చెట్లు, మగ్గం ముందు కూర్చున్న ముని. నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు ఉంది. ఇంకొంచెం విప్పింది. అడవి. పసుపు పచ్చని పులి. నేను ముందుకు వంగాను. కానీ వనజ అక్కడితో చెయ్యి ఆపింది.

అప్పుడు చూశాను. ఎవరికీ కండ్లు లేవు. మునికి లేవు, మునిభార్యకు లేవు, పులికి లేవు. ముఖాల్లో తెల్లటి సందులు.

"ఇగ సాలక్కా. కండ్లు లేని దేవుణ్ణి శానసేపు చూడొద్దు" అని చుట్టేసింది. వాళ్ల పద్ధతి అప్పుడు చెప్పింది. పాత పటం చినిగిపోతే పారేయరు. చివరిసారి దాని ముందు కథ మొత్తం చెప్పి, గోదావరికి తీసుకుపోయి నీళ్లలో విడుస్తారు. అది నీళ్లలో కలిసిందని కబురు రావాలి. అప్పుడు కొత్త పటానికి పూజ చేసి కండ్లు దిద్దుతారు. రెండు పటాల కండ్లు ఒకేసారి లోకాన్ని చూడకూడదు. కండ్లు దిద్దని పటం ముందు కథ చెప్పకూడదు.

"రాములు మామ గీ కార్తీకంలనే పాతదాన్ని ఇడుస్తడట. నీ అదృష్టమక్కా, పో. ఆఖరిసారి చెప్తడు, మొత్తం ఇను."

నా అదృష్టమే అనుకున్నాను. ఆ పూట తులసి దగ్గర దీపం పెట్టి, నాయనమ్మ పేరు మీద ఇంకో వత్తి వేశాను.

మహబూబాబాద్

పత్తి బండ్లు, రైలు కూతలు, ఆఫీసులకు పరుగెత్తే ఆటోలు. స్టేషన్ ఎదురుగా ఒక హాలు మీద కవితా సంపుటి ఆవిష్కరణ సభ అని ఫ్లెక్సీ కనబడింది. పిలవని పేరంటమైనా సరస్వతి పేరంటమే కదా అని లోపలికి పోయాను. వేదిక మీద తొమ్మిది కుర్చీలు, కింద దాదాపు అంతేమంది. కవి ఒక బడిపంతులు. వేదిక మీదివాళ్లు ఒకరి తరువాత ఒకరు ఆయన మంచితనం గురించి, వాళ్ల స్నేహం గురించి, తమ గురించి చెప్పారు. కవిత ఒక్కటీ చదవలేదు. ఒకాయనైతే, "పుస్తకం ఇప్పుడే చేతికందింది, తీరిగ్గ చదువుత" అని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తరువాత ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. తరువాత బగారన్నం. బాగుంది, అబద్ధమెందుకు. ఆ రోజు సోమవారం, కోడికూర మాత్రం ముట్టలేదు.

పుస్తకం కొంటానని డబ్బు తీస్తే కవి కంగారుపడి, "కొనుడెందమ్మా, తీస్కపోండ్రి, రెండు తీస్కపోండ్రి" అన్నాడు. ఒకటే తీసుకున్నాను. బయట అరుగు మీద కూర్చుని చదివాను. వాళ్లమ్మ ఇసురురాయి మీద ఒక కవిత ఉంది. నిజంగా బాగుంది. లోపలికి పోయి ఆ మాట చెప్పాను. ఆయన చేతిలో విస్తరి అట్లాగే ఉంది. "చదివిండ్రా? ఇప్పుడా?" అన్నాడు. "మీరెవరి తరపమ్మా?" అని అడిగాడు. చదివిన మనిషి ఎవరి తరపో ఆయనకు అంతుపట్టలేదు.

రాములుగారి ఇల్లు ఊరి చివర. రేకుల కప్పు. ఆయన ఎండలో కూర్చుని, కథకు వాయించే కంచు తాళాలు తుడుస్తున్నాడు. భార్య సమ్మక్క వడ్లు చెరుగుతోంది. నేను సోలాపూర్ నుంచి, నేతవాళ్ల బిడ్డనని చెప్పగానే ఆయన లేచాడు. మా కులంవాళ్లకు కథ చెప్పడం వాళ్ల కులవృత్తి. మేం లేకపోతే వాళ్లకు వినేవాళ్లు లేరు.

"ఇన్నవానె, మన కథ ఇననీకె సోలాపూర్ సంది వచ్చింది" అన్నాడు భార్యతో.

"ఇన్న. గీడ మానుకోటోళ్లు రోడ్డు దాటి రారు. కాళ్లు కడుక్కో బిడ్డా, అన్నం తిందువు."

తిన్నాక అడిగాను. "బాపూ, పులి ఎదురొచ్చినంక ఏమైతది?"

ఆయన నవ్వాడు. "గంత తొందరా?"

"మా నాయనమ్మకు తెల్వకుంటనే పోయింది బాపూ."

నవ్వు ఆపేశాడు. "పటం లేకుంట చెప్తే అది ముచ్చటైతది తల్లీ. కథ గాదు. దేవుడు ఎదురుంగ ఉండాలె, మేం జెప్పేది నిజమా కాదా అని సూస్తుండాలె."

పటం ఇంట్లో లేదు. వానాకాలంలో రేకులు కురిసి ఒక మూల తడిసిందట. ఆఖరి భాగాన్ని ఎలుకలు కూడా కొట్టాయట. భూపాలపల్లి నుంచి మా కులసంఘం పెద్దలు వచ్చి, దసరాకు పూజలో పెడతాం, కార్తీక వనభోజనాల రోజున అందరి ముందర నీ చేతికే ఇస్తాం, ఆ రోజే కథ పెట్టిద్దాం అని తీసుకుపోయారట. సంఘం కథ చెప్పించక ఎన్నో ఏండ్లయిందట.

"కథ చెప్పి, అటే కాళేశ్వరం పోయి ఇడిసేస్త. కొత్త పటానికి కండ్లొస్తయి. ఇంక నాలుగూర్లు తిరిగేంత పానం ఉన్నది నాకు" అన్నాడు. "నువ్వు గూడ రా తల్లీ. ముందట కూసో."

సమ్మక్క పెట్టెలోంచి ఆయన కొత్త ధోవతి తీసి ఎండలో వేసింది.

భూపాలపల్లి

బొగ్గు ఊరు. ఇంటి గోడలకు, చెట్ల ఆకులకు సన్నటి నల్లటి పొర ఉంటుంది. మా ఊళ్లో పత్తి నుసి ఎగిరినట్టు ఇక్కడ బొగ్గు నుసి.

వనభోజనాలు ఊరి బయట మామిడితోటలో, సభ మాత్రం సంఘం హాల్లో. సంఘం అధ్యక్షుడు బట్టల దుకాణం సేటు, వెంకటేశం. మంచి మనిషి. జరిగింది మరచిపోయి ఈ మాట రాయడం లేదు, మనసులో పెట్టుకునే రాస్తున్నాను. మమ్మల్ని గుమ్మం దగ్గరికి వచ్చి తీసుకుపోయాడు. రాములుగారికి పూలదండ వేశాడు. నా మీద ఒక శాలువా కప్పి, సోలాపూర్ ఆడబిడ్డ అని మైకులో చెప్పాడు. శాలువా ముట్టుకోగానే తెలిసిపోయింది, మర నేత, నూలు పోగు ఒక్కటి లేదు. నేతవాళ్ల సంఘంలో నేతవాళ్ల బిడ్డకు వేసిన శాలువా. పోనీలే, ప్రేమగానే వేశారు.

రాములుగారు కొత్త ధోవతిలో, తాళాలు చేతిలో పట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. నేను ఆయన పక్కన. వేదిక మీద పటం కట్టే కర్ర లేదు. గోడకు ఒక పొడుగాటి పట్టు తెర ఉంది.

సేటు మైకు తీసుకున్నాడు. "మన కులదేవుని పటం ఎలుకల పాలు, వానల పాలు అయితుంటే మన సంఘం సూస్త ఊకుంటదా? మన పిల్లల పిల్లలకు గూడ ఉండాలెనని, దాతల సాయంతోని, ఎన్నడు చెడిపోకుంట చేయించినం." నిజంగానే కండ్లు తుడుచుకున్నాడు. తాడు లాగాడు. తెర పక్కకు పోయింది.

గోడ నిండా ఫ్రేములు.

పటాన్ని ముక్కలు ముక్కలుగా కోశారు. యంత్రంలో పట్టాలి కదా. ముక్కముక్కకూ రెండు వైపులా ప్లాస్టిక్ పరిచి లామినేషన్ చేయించి, బంగారు రంగు అంచులు బిగించారు. ప్రతి ఫ్రేము కింద ఒక పట్టీ, దాని మీద "సౌజన్యం" అని ఒక దాత పేరు. వరుస కూడా తప్పింది. పులి అందరికంటె ముందుంది. పెండ్లి చివర్న ఉంది. మగ్గం రెండు ముక్కలై అటొకటి ఇటొకటి ఉంది. ట్యూబులైట్లు ప్లాస్టిక్ మీద పడి, దేవుళ్ల ముఖాల్లో లైట్లే కనబడుతున్నాయి.

చప్పట్లు. చాలా సేపు చప్పట్లు.

రాములుగారు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. సమ్మక్క లేచి గోడ దగ్గరికి పోయింది. ఒక ఫ్రేము మీద చేయి పెట్టి చూసింది. "సేటూ, దేవుణ్ణి కోసిండ్రా?" అని అడిగింది. అరవలేదు. కూరగాయల ధర అడిగినట్టు అడిగింది.

"కోసుడేందవ్వా, కాపాడినం! నీళ్లు పోసినా ఏం గాదు. తడిగుడ్డతోని తుడుసుకోవచ్చు."

"ఆఖరి ముక్క ఏది?"

ఆ ముక్క ఉండాల్సిన చోట దాతలందరి గ్రూప్ ఫొటో ఉంది. "గది ఎలుకలు శాన కొట్టినయవ్వా, మెషిన్ల పట్టలే. షాపాయిన పారేసినట్టున్నడు" అని, ఆమె ముఖం చూసి, "ఫొటో ఉన్నది లే, నా ఫోన్ల ఉన్నది" అన్నాడు. వెతికాడు. దొరకలేదు.

నేను వినాల్సిన మూడో రాత్రి ఆ ముక్క మీద ఉండేది.

"సరే, కథ మొదలువెట్టుండ్రి తాతా" అన్నాడు సేటు, వాతావరణం సర్దడానికి. "ఒక్కొక్క ఫ్రేము కాడ నిలవడి చెప్పుండ్రి. ఓ పది నిమిషాలు. వీడియో తీస్తరు, మల్ల తోటల వంటలు సల్లారుతయి."

రాములుగారు అప్పుడు నోరు విప్పాడు. "సుట్ట లేని పటానికి కథ లేదు సేటూ. ఇప్పుకుంట పోవాలె, ఎనకది సుట్టుకుంట పోవాలె. అన్ని ఒక్కసారే కనవడ్డంక ఇగ నేనేం జెప్పాలె?"

ఆ ఇబ్బందిలో ఎవరో మైకు నా చేతికిచ్చారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. నా నోటికి కృతజ్ఞత అలవాటు. ఇంత ఆదరించారు, అన్నం పెడుతున్నారు, మీకు దేవుడు మేలు చేయాలి అన్నాను. మళ్లీ చప్పట్లు. రాములుగారు నా వైపు చూడలేదు. తాళాలను ధోవతి కొంగులో మూటగట్టుకుంటున్నాడు.

భోజనాలయ్యాక సేటుతో సమ్మక్కే మాట్లాడింది. పటం గోదావరిలో పడితే గాని కొత్తదానికి కండ్లు రావని, కండ్లు రాకపోతే తమ ఇంటి కథ ఆగిపోతుందని చెప్పింది. సేటుకు మొదట కోపం వచ్చింది. దాతలకు ఏం చెప్పాలన్నాడు. కాసేపటికి తనే మెత్తబడి, "తీస్కపోండ్రి. ఫొటోలున్నయి గద, ఫ్లెక్సీ కొట్టిచ్చి పెడత. గింకా మంచిగ మెరుస్తది" అన్నాడు. ఫ్రేములు విప్పించి, అంచులూ పేర్ల పట్టీలూ ఉంచుకుని, ప్లాస్టిక్ ముక్కలు మా చేతికిచ్చాడు. దారిలో తినమని పులిహోర పొట్లం కూడా కట్టించాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే ఆ పొట్లం చేతిలో వేడిగా ఉంది.

కాటారం

రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. బస్సు మిగిలిన సగంలోంచి పోయింది. అడవి మొదలయ్యే చోటు కాటారం. అక్కడ బస్సు మారాలి.

ప్లాస్టిక్ ముక్కలు మడతపడవు. గుండ్రంగా చుట్టి, వడ్ల సంచిలో నిలబెట్టి పట్టుకున్నాం. కండక్టర్ సంచి మీద తట్టి, "ఏందవ్వా, క్యాలెండర్లా? కొత్త సంవత్సరం ఇంక రాకపాయె" అన్నాడు.

"అవ్ బిడ్డా, క్యాలెండర్లే. అన్ని తారీకులు ఒక్కనాడే వచ్చినయి" అంది సమ్మక్క.

హోటల్ బల్ల దగ్గర చాయ్ తాగుతూ రాములుగారిని మాట్లాడించాలని చూశాను. ఆఖరి ముక్క చెత్తలో పోయినందుకు దోషమేమీ లేదా అని అడిగాను.

"చెత్తల పోయింది మట్టిల గలుస్తది. మన్నైనా నీళ్లైనా ఒకటే తల్లీ" అన్నాడు. సంచి వైపు చూపించి, "వీటికే ఏ దారి లేకుంటయ్యింది" అన్నాడు.

మర్యాద దొరకని ఒక్క ముక్క బాగుపడింది. మర్యాద దొరికినవన్నీ సంచిలో ఉన్నాయి.

సమ్మక్క పులిహోర విప్పి ముగ్గురికీ పంచింది. "నా లగ్గం నాడు గూడ నన్ను గింత సక్కగ ఫొటో దియ్యలే. దేవునికి యోగమున్నది" అంది. రాములుగారు నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు, మెతుకులు ఏరుకుంటూ ఉండిపోయింది.

గోదావరి ఒడ్డు

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. దర్శనం బాగా జరిగింది. ఆ క్షణం మాత్రం మనసులో ఏ చేదూ లేదు, అందుకు స్వామికి ఋణపడి ఉన్నాను.

మెట్లు దిగి నీళ్లలో నిలబడ్డాం. రాములుగారు పసుపు కుంకుమ వేసి, ఇన్నాళ్లు మా నోట్లో మాట పెట్టినవు, ఇగ పోయిరా స్వామీ అని, మొదటి ముక్క నీళ్లలో విడిచాడు. అది తేలింది. కొంత దూరం పోయింది. ఒక అల వచ్చి దాన్ని తిప్పి, మళ్లీ మెట్ల దగ్గరికే తెచ్చింది. ఆయన మళ్లీ తోశాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి రాయి కట్టి వదిలాడు. రాయి జారి మునిగింది, ముని పైకి వచ్చాడు.

పైమెట్టు మీద ఊడుస్తున్న ఒకామె చీపురు చూపిస్తూ, "ఓ పెద్దయ్యా! గంగల ప్లాస్టిక్ ఎయ్యొద్దని బోర్డు లేదా? తీయ్!" అంది.

"ప్లాస్టిక్ గాదు బిడ్డా, దేవుడు."

"ఎవలైతేంది, తీయ్."

ఆమె చెప్పింది న్యాయమే. చుట్టూ కార్తీక దీపాలు మాత్రం ప్లాస్టిక్ దొన్నెల్లో తేలుతూ పోతున్నాయి.

సమ్మక్క గట్టు మీద గుండ్లు చేసే మంగలి దగ్గర సగం బ్లేడు అడుక్కొచ్చింది. మెట్ల మీద కూర్చుని ఒక ముక్క అంచు కోసింది. ప్లాస్టిక్‌ను మెల్లగా, పుండు మీది కట్టు విప్పినట్టు పీకింది. వచ్చింది. కానీ ప్లాస్టిక్‌తో పాటు రంగు కూడా వచ్చేసింది. చింతగింజల జిగురు, సుద్ద బట్టకే ఉండిపోయాయి, వాటి మీది రంగులన్నీ ప్లాస్టిక్‌కు అంటుకుని లేచిపోయాయి. ఆమె ఒక చేతిలో తెల్లబట్ట. ఇంకో చేతిలో ప్లాస్టిక్ మీద పులి.

ఒకటొకటిగా అన్నీ అట్లాగే ఒలిచాం. నేనూ ఒలిచాను. నా గోళ్లలో ఇంకా ఎరుపు ఉంది. తెల్లబట్టలు నీళ్లలో విడిస్తే ఒక్కటీ తేలలేదు. మంచి నూలు నీళ్లు పీల్చి దిగినట్టు దిగిపోయాయి. మా వాళ్లు ఎవరో నేసిన బట్టే అది. దాని పని అది చేసింది.

రాములుగారు అక్కడి నుంచే వనజకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమంది సమ్మక్క. జరిగింది చెప్పి, "బట్ట పోయింది బిడ్డా. కండ్లు వెడతవా?" అని అడిగాడు.

"రంగు?" అంది వనజ.

"రంగు ఉన్నది."

"కండ్లు ఉన్నయా మామా, దాని మీద?"

ఆయన ఒళ్లోని ప్లాస్టిక్ చూశాడు. "ఉన్నయి."

"మల్ల నేనెట్ల వెడుత మామా? పాత కండ్లు ఇంక సూస్తున్నయి గద."

"కాల్చనా?"

"దేవుణ్ణి కాలుస్తవా?" అంది. ఏడుస్తున్నట్టుంది. "నాకు సమజ్ అయితలేదు మామా. మా నాయినుంటే ఏమంటుండెనో. నేనైతే పెట్ట."

తిరుగు బస్సు

వెనక సీట్లో ముగ్గురం కూర్చున్నాం. కిటికీ లోంచి అడవి పోతూ ఉంది. కొంత దూరం పోయాక రాములుగారు అడిగాడు. "మీ నాయనమ్మ ఎట్ల చెప్తుండె తల్లీ? చెప్పు, నేనింట."

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఈ కథ చెప్పడమే గాని వినలేదట. నేను చెప్పాను. తామర తూడు నుంచి దారం తీయడం, తెల్లబట్ట చాలలేదనుకోవడం, రంగు కోసం అడవికి పోవడం. ఆయన కండ్లు మూసుకుని తలాడిస్తూ విన్నాడు. వేలితో మోకాలి మీద తాళం వేశాడు. ముందు సీటు వాళ్లు కూడా వెనక్కి తిరిగారు. నాయనమ్మ ఎక్కడ ఆగేదో అక్కడికి వచ్చాను.

"పులి ఎదురొచ్చింది" అన్నాను. "ఇగ రేపు."

ఆయన కండ్లు తెరిచాడు. చెప్తాడేమో అనుకున్నాను. పెదవులు కదిలాయి కూడా. ఆ తరువాత భార్య ఒళ్లోని, అటు పటమూ కాని ఇటు గోదావరిలో కలవనూ కలవని ప్లాస్టిక్ వైపు చూసి, నోరు మూసుకుని, కిటికీ వైపు తిరిగాడు. నేను అడగలేదు.

పైనున్న ముక్క పులిదే. సమ్మక్క దాన్ని బోర్లా తిప్పి పెట్టుకుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ కదా, వెనక నుంచి కూడా అది మమ్మల్నే చూస్తోంది.